రాయి నిప్పుకు ఆగదు, వెండికి నిప్పు తప్పదు: చెక్కిన రాళ్ల నగల లోగుట్టు

రెండు లాకెట్లు పక్కపక్కన ఉన్నాయి. రెండింటి చీటీ మీదా ఒకటే మాట: ‘చేత్తో చెక్కిన రాయి, 925 వెండి’. ధర చూస్తే ఒకటి రెండోదానికి పది రెట్లు. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుమానం రావడం సహజం. కానీ రెండు చీటీలూ నిజమే కావచ్చు. ‘చేత్తో’, ‘చెక్కిన’, ‘రాయి’, ‘925’ అనే మాటల్లో ఒక్కొక్కటీ బోలెడంత తేడాని తన కింద దాచుకోగలదు.

ఈ నగల విషయంలో ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావి దాని వెంటే వస్తాయి. వెండిని అతకాలంటే దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. నగల్లోకి వచ్చే రాళ్లలో చాలావరకు ఆ వేడికి బతకవు. కాబట్టి పడని ఈ ఇద్దరినీ ఒకే గూటికి చేర్చే క్రమమే ఈ కళలో సగం. రాయి మందం, వెండి అంచు ఎత్తు, వెనక పలక, ఆఖరికి పదేళ్ల తర్వాత వచ్చే మరమ్మతు కూడా ఆ క్రమాన్ని బట్టే ఉంటాయి.

## లోపలికి చెక్కడం, పైకి తేల్చడం

రాతి చెక్కడంలో పాతకాలం నుంచి రెండు దారులున్నాయి. బొమ్మను రాతి ఉపరితలం కన్నా లోతుగా తవ్వితే దాన్ని ఇంటాలియో అంటారు. ముద్రికలన్నీ ఈ తరహావే. మైనం మీదో మట్టి మీదో ఒత్తితే బొమ్మ పైకి లేస్తుంది. అందుకే చెక్కేవాడు కుడిఎడమలు తిప్పి చెక్కాలి. చుట్టూ ఉన్నదాన్ని తొలగించి బొమ్మను పైకి తేలిస్తే అది కామియో. వీటికి తోడు అన్ని వైపులా చెక్కే చిన్న విగ్రహం లాంటి పని ఒకటుంది. ఆకు, పిట్ట, చేప ఆకారాల పూసలు ఈ కోవలోకి వస్తాయి.

నగగా చూస్తే ఈ తేడా పేరులో తేడా ఒక్కటే కాదు. ఇంటాలియోలో గీతలన్నీ లోపల ఉంటాయి, దెబ్బ తగిలినా చుట్టూ ఉన్న నున్నటి అంచే ముందు కాచుకుంటుంది. వెండి పట్టుకోవడానికి కూడా ఆ అంచు చక్కగా దొరుకుతుంది. కామియోలో తొలి దెబ్బ చెక్కిన ముఖం ముక్కుకే. మంచి కామియోలకు పొరల రాయిని ఎంచుకుంటారు. గోధుమరంగు మీద తెల్ల పొర ఉన్న సార్డోనిక్స్ అలాంటిదే. తెల్ల పొర ఒకటిన్నర మిల్లీమీటరే ఉంటే ముఖం మొత్తం ఆ ఒకటిన్నరలోనే ఒదగాలి. పల్చగా మిగిల్చిన చోట కింది రంగు నీడలా కనిపిస్తుంది, అదే చెంప గుండ్రదనం. ఇంకొంచెం తవ్వితే చెంపకు చిల్లు.

## గీతకు ఆగడం వేరు, దెబ్బకు ఆగడం వేరు

‘గట్టి రాయి’ అన్న మాట జనాన్ని పెట్టినంత తికమక మరేదీ పెట్టదు. ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ఇచ్చిన కాఠిన్యపు కొలత ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఏది దేన్ని గీయగలదు? బలపం రాయి 1, పాలరాయిలోని కాల్సైట్ 3, ఆకుపచ్చ రాగి ఖనిజం మాలకైట్ 3.5 నుంచి 4, నీలి రాయి లాపిస్ లాజులి 5 నుంచి 5.5, స్ఫటికం (క్వార్ట్జ్) 7, ఆ జాతిదే అయిన అగేట్ 6.5 నుంచి 7, వజ్రం 10. వెండి 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది. అంటే మనం చెక్కే రాళ్లలో చాలావాటి కన్నా వెండే మెత్తన.

రాయి కింద పడితే పగులుతుందా అన్నది వేరే ప్రశ్న. వజ్రాన్ని గీయడం కష్టమే గానీ సరైన దిశలో దెబ్బ పడితే చీలిపోతుంది. నెఫ్రైట్ జేడ్ కాఠిన్యం 6 నుంచి 6.5 మాత్రమే, స్ఫటికం కన్నా తక్కువ. అయినా దాన్ని సుత్తితో పగలగొట్టడం మహా కష్టం. లోపల సన్నని నారలు జడలా అల్లుకుని ఉంటాయి, పగులు ఏ దారినా నేరుగా పోలేదు. సన్నని తీగలు, రింగులు, చిల్లుల అల్లికలు జేడ్‌లో చెక్కగలుగుతున్నారంటే కారణం అదే. ఆబ్సిడియన్ దీనికి పూర్తిగా ఎదురు. అది అగ్నిపర్వతపు గాజు, అంచు మీద గోరంత దెబ్బకే పెచ్చు లేస్తుంది.

జేడ్ అన్న పేరులోనే ఇంకో ముడి ఉంది. నెఫ్రైట్, జేడైట్ రెండూ వేర్వేరు ఖనిజాలని ఫ్రెంచి ఖనిజ శాస్త్రజ్ఞుడు అలెక్సిస్ దామూర్ 1863లో తేల్చాడు. ఆ రెండింటికీ జేడ్ అన్న పేరు చెల్లుతుంది. ‘కొత్త జేడ్’ అని అమ్మేది మాత్రం చాలాసార్లు సర్పెంటైన్ అనే వేరే రాయి. అది మెత్తన, చెక్కడం తేలిక, మెరుగు త్వరగా పోతుంది.

ఉంగరానికీ లాకెట్‌కూ ఒకే రాయి ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే తెలుస్తుంది. మామూలు దుమ్ములో స్ఫటికపు రేణువులుంటాయి, వాటి కాఠిన్యం 7. అంతకన్నా మెత్తని రాయి రోజూ వేలికి ఉంటే కొన్నాళ్లకు దాని మెరుగు మసకబారుతుంది. లాపిస్ లాకెట్‌గా తరాలు నిలుస్తుంది, ఉంగరంగా అయితే కొన్నేళ్లలోనే మళ్లీ సాన అడుగుతుంది.

## చెక్కడం అంటున్నాం గానీ, నిజానికి అరగదీయడం

అగేట్ మీద ఉలి పని చేయదు. ఉక్కుతో తగిలితే పెచ్చు లేస్తుంది తప్ప గీత పడదు. జరిగేదల్లా అరగదీతే. వజ్రపు పొడి అంటించిన చిన్న చక్రాలు, గుండ్లు, సూదులు తిరుగుతూ రాయిని రేణువు రేణువుగా తినేస్తాయి. పనిముట్టు సైజుకూ వేగానికీ లెక్క ఉంది. 2 మి.మీ. గుండు నిమిషానికి 20,000 సార్లు తిరిగితే దాని అంచు నిమిషానికి సుమారు 126 మీటర్లు పోతుంది. 20 మి.మీ. చక్రానికి అదే అంచు వేగం రావడానికి 2,000 చుట్లు చాలు. పెద్ద చక్రాన్ని చిన్నదాని వేగంతో తిప్పితే నీళ్లు చెదిరిపోతాయి, రాయి వేడెక్కి పగులు పుడుతుంది, వజ్రపు పూత ఊడిపోతుంది.

నీళ్లు ఆపకూడదు. చల్లదనం కోసమే కాదు, ఊపిరితిత్తుల కోసం కూడా. అగేట్, స్ఫటికం దుమ్ము సిలికా. పొడిగా అరగదీస్తే ఏళ్ల తరబడి పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. మాలకైట్ దుమ్ములో రాగి ఉంటుంది. కొన్ని బలపం రాళ్లలో, సర్పెంటైన్‌లలో ఆస్బెస్టాస్ నారలు కలిసి ఉంటాయి. ‘మెత్తని రాయి కదా, ఏమీ కాదు’ అనుకునేది సరిగ్గా ఆ రాళ్ల దగ్గరే.

ఒక ఆకు లాకెట్‌నే దగ్గరగా చూద్దాం. 20 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న గుండ్రటి అగేట్ బిళ్ల. చుట్టూ ఒకటిన్నర మి.మీ. అంచు ముట్టుకోకుండా వదిలేయాలి, వెండి పట్టుకునేది దాన్నే. 100 రేణువు చక్రంతో (అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం) ఆకు రూపం, సన్నని అంచున్న చక్రంతో నడి ఈనె, సూదితో పక్క ఈనెలు. తర్వాత 220, 400, 600, 1200, 3000 రేణువులతో వరసగా నున్న చేయాలి. 220 మిగిల్చిన గీత 1200 దగ్గర కనపడదు, తడిగా ఉన్నప్పుడైతే అసలే కనపడదు. ఆఖరి మెరుగు వచ్చాక వెలుతురులో వెంట్రుకలా తేలుతుంది. అప్పుడు దిద్దాలంటే మళ్లీ 400 దాకా దిగాల్సిందే. చదును రాయిలో ఇది పెద్ద పని కాదు. ఈనె అడుగున, 1 మి.మీ. సందులో, ప్రతి రేణువుకూ ఒక వెదురు పుల్లో చెక్క పుల్లో చెక్కుకుని, దానికి వజ్రపు ముద్ద రాసి రుద్దాలి. మెరుగు పని చెక్కడం కన్నా ఎక్కువ సమయం తినడం మామూలే. పది రెట్ల ధర తేడాలో పెద్ద వాటా ఎక్కడుందో చూడాలంటే ఈనె అడుగున చూడండి. అక్కడ బూడిద రంగు గరుకుదనం ఉంటే పని మధ్యలో ఆగిందన్నమాట. కావాలనే మసక వదిలేసే కళాకారులూ ఉన్నారు, కానీ వాళ్ల మసక అంతటా ఒకేలా ఉంటుంది.

ఆఖరి మెరుగుకు స్ఫటిక జాతికి సీరియం ఆక్సైడ్, జేడ్‌కు క్రోమియం ఆక్సైడ్ వాడటం పాత అలవాటు. నెఫ్రైట్ ఒక చిక్కు పెడుతుంది. నారలు తలో దిశలో ఉండటంతో మెత్తని చోట ఎక్కువ అరిగి నారింజ తొక్కలా గుంటలు పడతాయి. వేగం తగ్గించి, గట్టి తోలు మీద పని చేస్తే ఆ బాధ తగ్గుతుంది.

## 925 ఏం చెబుతుంది, ఏం చెప్పదు

వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగిలిన 75 పాళ్లు సాధారణంగా రాగి. ఇంగ్లండులో ఒకటో ఎడ్వర్డ్ 1300లో తెచ్చిన శాసనం వెండికి ఈ ప్రమాణాన్నే పెట్టింది. స్టెర్లింగ్ అంటే ఇదే. ముద్ర చెప్పేది ఆ లోహపు వన్నె వరకే. రాయి అసలుదా, పని ఎవరిది, పలక ఎంత మందం అన్న వాటి ఊసు అందులో లేదు.

రాగి ఎందుకంటే స్వచ్ఛమైన వెండి మరీ మెత్తన, ఉంగరం వంగిపోతుంది. అయితే రాయిని పట్టుకునే సన్నని గోడకు చాలామంది కావాలనే 999 వెండి వాడతారు. అది తేలిగ్గా ఒంగుతుంది కాబట్టి రాయి మీద ఒత్తిడి తక్కువ. ఒకే నగలో పలక 925, గోడ 999 ఉండటం మోసం కాదు, తెలిసి చేసిన పని.

అదే రాగి నిప్పులో తంటా తెస్తుంది. కాల్చినప్పుడు పైనున్న రాగి ఆక్సైడై లోపలికి కూడా దిగి, మెరుగు పెట్టాక ఊదా నీడలా మచ్చ తేలుతుంది. దాన్ని ఆపడానికి బోరిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌లో కలిపి పూసి, వెలిగించి, తెల్లటి పొర పట్టాకే టంకం, అంటే అతుకు పని, మొదలుపెడతారు. రాగికి బదులు కొంత జెర్మేనియం కలిపిన వెండి కూడా దొరుకుతుంది, దానికి ఈ మచ్చ రాదు. ఎర్రగా కాగినప్పుడు మాత్రం అది పెళుసు, కదిపితే విరుగుతుంది.

## నిప్పు పని ముందు, రాయి చివర

అతుకు కోసం కరిగించే లోహాన్ని కూడా టంకమే అంటారు. వెండి టంకాలు మూడు రకాలుగా వాడతారు. గట్టి టంకం సుమారు 785 డిగ్రీల దగ్గర, నడిమిది 745 దగ్గర, తేలికది 715 దగ్గర పారుతుంది. స్టెర్లింగ్ వెండి 800 దాటగానే కరగడం మొదలుపెడుతుంది. అంటే గట్టి టంకానికీ నగ కరిగిపోవడానికీ మధ్య పదిహేను, ఇరవై డిగ్రీలే ఎడం. మొదటి అతుకు గట్టి టంకంతో వేసి, తర్వాతివి దిగుతూ రావడం అందుకే. లేకపోతే రెండో అతుకు వేస్తుంటే మొదటిది ఊడుతుంది.

ఇక రాయి సంగతి. స్ఫటికం 573 డిగ్రీల దగ్గర తన స్ఫటిక రూపం మార్చుకుంటుంది, ఆ క్షణాన ఘనపరిమాణం చటుక్కున మారుతుంది, పగులుతుంది. అన్నిటికన్నా తేలిక టంకం కూడా ఈ గీతకు పైనే ఉంది. మాలకైట్ అంతకు చాలా ముందే విచ్ఛిన్నమై నల్లటి రాగి ఆక్సైడ్‌గా మారుతుంది. టర్క్వాయిస్‌లో, ఓపల్‌లో నీరు ఉంటుంది. వేడికి రంగు పోయి, బీటలు వారతాయి.

నిప్పును తనకు అనుకూలంగా వాడుకున్న రాయి ఒకటుంది, బలపం రాయి. సింధు నాగరికత ముద్రల్లో ఎక్కువ భాగం దానితో చేసినవే. మెత్తగా ఉన్నప్పుడే చెక్కి తర్వాత కాల్చేవారు. కాలిస్తే అందులోని నీరు పోయి ఖనిజమే మారి గట్టిపడుతుంది. గోటితో గీయగలిగే రాయి మీద అంత సన్నని గీతలు నాలుగు వేల ఏళ్లు నిలవడం వెనక రహస్యం ఇదే.

మిగతా రాళ్లన్నిటికీ వరస ఒకటే. గోడ, పలక, కొక్కెం అన్నీ అతకాలి. సోడియం బైసల్ఫేట్ ద్రావణంలోనో నిమ్మ ఉప్పు నీళ్లలోనో వేసి మసి పోగొట్టాలి. అందులో ఇనుప పట్టకారు ముంచితే వెండి మీద ఎర్రటి రాగి పూత ఎక్కుతుంది. కడిగాక వంట సోడా కలిపిన నీళ్లలో మరిగించాలి. ఈ మెట్టు దాటేస్తే అతుకుల సందుల్లో ఇరుక్కున్న ఆమ్లం నెమ్మదిగా బయటికొస్తుంది. రాయి లాపిస్ అయితే అందులోని కాల్సైట్‌ను, మాలకైట్ అయితే మొత్తం రాయినే తింటుంది. ‘కొన్న ఆరు నెలలకే అంచు తెల్లబడింది’ అన్న ఫిర్యాదుకు ఇదొక కారణం. వెండిని కావాలని నల్లబరచడం, మెరుగు పెట్టడం కూడా ముగించాకే రాయి కూర్చుంటుంది.

## గూడు లెక్క

మన ఆకు బిళ్లకే గూడు కడదాం. గోడ రేకు మందం 0.3 మి.మీ. పొడవు కావాలంటే రాతి వ్యాసానికి రేకు మందం కలిపి 3.1416తో హెచ్చించాలి: 20.3 × 3.1416 = 63.8 మి.మీ. రేకు పొడవు అర మిల్లీమీటరు తప్పితే గూడు వ్యాసం 0.16 మి.మీ. తప్పుతుంది. అంతే చాలు, రాయి లోపల గలగలలాడటానికో, అసలు దిగకపోవడానికో. సరిచూడటానికి రాయిని దింపే ముందు అడుగున ఒక దారం వేయాలి. లేకపోతే ఇరుక్కున్న రాయిని తీయడానికి సూదులతో కుస్తీ పట్టాలి, అంచు పెచ్చు లేచేది అప్పుడే.

గోడ ఎత్తు 2.5 మి.మీ. అనుకుంటే దాని బరువు అర గ్రాము. 22 మి.మీ. వెడల్పు, 0.8 మి.మీ. మందం ఉన్న వెనక పలక 3.15 గ్రాములు. కొక్కెంతో కలిపి వెండి ఐదు గ్రాముల లోపే. రాయి చెక్కక ముందు సుమారు 5 గ్రాములు, అంటే 25 క్యారెట్లు, మామూలు అగేట్. పదార్థం విలువ చాలా తక్కువని తేలిపోతుంది. బరువు చూసి ధర కట్టే బంగారం లెక్క ఇక్కడ పనికిరాదు.

రాతి పక్క గోడ నిట్టనిలువుగా ఉంటే వెండి దేన్నీ పట్టుకోలేదు. కొద్దిగా లోపలికి వాలాలి. చెక్కేవాడు అంచు పూర్తిగా తినేశాక కంసాలి చేతికిస్తే మిగిలేది జిగురే. గోడను నాలుగు దిక్కుల్లో ఎదురెదురుగా ఒత్తి, తర్వాత మధ్య సందులు ఒత్తుకుంటూ పోవాలి. ఒక వైపు నుంచి చుట్టూ ఒత్తుకుంటూ వస్తే మిగిలిన రేకు అంతా చివర ముడతగా పోగుపడుతుంది. కామియోలో పొడుచుకొచ్చిన భాగం అంచు దాకా వచ్చిన చోట గోడను కత్తిరించి అల ఆకారంలో దించాలి.

గూడు అసలు వద్దనుకుంటే రాయికి చిల్లు వేసి వెండి గొట్టం దూర్చి రెండు చివర్లూ విచ్చదీయవచ్చు. చిల్లు ఒకే వైపు నుంచి వేస్తే అవతలి వైపు పెచ్చు ఊడుతుంది. సగం ఇటు నుంచి, సగం అటు నుంచి వేయాలి.

## రంగు, యంత్రం, సంతకం: ఎక్కడ ఒప్పు, ఎక్కడ తప్పు

అమ్మకానికొచ్చే నల్ల ఓనిక్స్ చాలావరకు రంగు వేసిన అగేటే. చక్కెర నీళ్లలో నానబెట్టి, గంధకామ్లంలో వేస్తే రంధ్రాల్లోని చక్కెర బొగ్గవుతుంది. అగేట్‌కు పేరుపడ్డ జర్మనీ పట్టణం ఇదార్ ఒబర్‌స్టైన్‌లో 19వ శతాబ్దంలోనే ఇలాంటి రంగుల పని స్థిరపడింది. ఆ నలుపు వెలవదు, దాన్ని తప్పనేవాళ్లు తక్కువ. తెల్లటి హౌలైట్‌కు నీలం వేసి టర్క్వాయిస్ అనడం మాత్రం వేరే పేరుతో అమ్మడమే. మధ్యలో ఉన్నది రెసిన్ ఎక్కించిన టర్క్వాయిస్. సుద్దలా ఉండే రాయి అలా చేస్తే తప్ప చెక్కుడుకు ఆగదని కళాకారులు అంటారు. సహజ రాయికి పెట్టే ధర దానికి ఎందుకు పెట్టాలని సేకరించేవాళ్లు అడుగుతారు. ఇద్దరి మాటా నిజమే, చీటీ మీద ‘రెసిన్ ఎక్కించినది’ అని రాస్తే గొడవ చాలావరకు తీరుతుంది.

యంత్రం విషయం కొంచెం కష్టం. సెకనుకు సుమారు 20,000 సార్లు అదిరే ఉక్కు అచ్చును రాపిడి పొడి కలిపిన నీటితో రాయి మీద ఉంచితే అగేట్‌లోకి బొమ్మ దానంతటదే దిగుతుంది. ఒకే ముఖం ఎన్నిసార్లైనా తీయవచ్చు. తెల్ల భాగం అప్పుడే కురిసిన మంచులా ఒకే గరుకుతో ఉంటే అనుమానించాలి. దీన్ని కళ కాదనేవాళ్ల వాదన తెలిసిందే. అవతలివాళ్లు, అచ్చు చెక్కింది మనిషే కదా, నాణేలను అలాగే చూస్తున్నాం కదా అంటారు. అచ్చు పనిని అచ్చు పనిగా అమ్మితే అభ్యంతరం ఎందుకో నాకు తోచదు. చిక్కల్లా దాని చీటీ మీద ‘చేత్తో చెక్కిన’ అని ఉన్నప్పుడే.

రాయి, వెండి రెండూ ఒకే చేయి చేయాలా? చరిత్రలో ఎక్కువగా ఇవి రెండు వృత్తులు. అమెరికా నైరుతిలోని జూని ఆదివాసీ తెగకు చెందిన చెక్కుడు కళాకారుడు లీక్యా దెయూసె, 1966లో మరణించాడు, టర్క్వాయిస్‌లో చెక్కిన ఆకులకు, జంతువులకు పేరుపడ్డాడు. వాటిని పొదిగిన వెండి పని చాలాసార్లు వేరేవాళ్లది. అయినా నగ ఆయన పేరుతోనే చెలామణి అవుతుంది. ఎవరు చేశారన్న మాట అక్కడ ఎంత బరువైనదంటే, ఆదివాసీలు చేయని వస్తువును వాళ్లదని అమ్మడాన్ని 1990 నాటి అమెరికా చట్టం నేరంగా చూస్తుంది. న్యూజిలాండులో రాయే ఆ స్థానంలో ఉంది. అక్కడి పౌనము రాయి (జేడ్) సొంతదారీని 1997లో చట్టం చేసి ఙాయి తాహు అనే మావోరీ తెగకు తిరిగి అప్పగించారు.

## నలుపు, శుభ్రం, మరమ్మతు

వెండి నల్లబడటాన్ని అందరూ ఆక్సిడైజ్ అయిందంటారు. ఆక్సిజన్ కాదు, గాలిలోని గంధకం పని అది. నల్లటి పొర సిల్వర్ సల్ఫైడ్. కళాకారులు గంధకపు లవణాల ద్రావణంతో దాన్నే కావాలని తెచ్చి, పైమిట్టల మీద తుడిచేసి లోతుల్లో వదిలేస్తారు. వెండి నలుపు తీసే అల్యూమినియం రేకు, వంట సోడా కలిపిన వేడి నీళ్ల చిట్కా ఆ నలుపునూ ఊడ్చేస్తుంది, పైగా టర్క్వాయిస్ లాంటి రంధ్రాల రాళ్లలోకి ఆ నీళ్లు ఇంకుతాయి. మెత్తటి పొడి గుడ్డ చాలు.

మరమ్మతులో మళ్లీ మొదటి పేచీయే. ఉంగరం సైజు మార్చాలంటే కోసి, అతకాలి. రాయి మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. తడి ఇసుకలోనో వేడి ఆపే ముద్దలోనో రాయిని కప్పి పని కానిచ్చేవారున్నారు. కానీ వెండి వేడిని ఎంత త్వరగా పాకిస్తుందంటే చిన్న ఉంగరంలో అది జూదమే. లేజర్‌తో అతికితే వేడి ఒక్క చుక్కకే పరిమితమవుతుంది, ఆ యంత్రం ఉన్నచోట ఈ పని తేలికైంది. లేనిచోట గోడ విప్పి రాయిని బయటికి తీయాల్సిందే. ఒత్తిన వెండి గట్టిపడి ఉంటుంది. ఒకసారి విప్పి మూస్తే ఆగుతుంది, మూడోసారికి అంచు చిట్లుతుంది. అందుకే ముందుచూపున్న పనివాళ్లు వెనక పలకకు చిన్న కిటికీ కోస్తారు. బరువు తగ్గుతుంది, పారదర్శక రాయికి వెలుతురు దొరుకుతుంది. ఎప్పుడైనా రాయి తీయాల్సి వస్తే ముందు అంచును లాగి పీకకుండా, వెనక నుంచి చెక్క పుల్లతో మెల్లగా నెట్టవచ్చు.